రంగు పట్టని ముక్క

మా అక్క ఎమ్మిగనూరులో నూలుకు రంగులేసే పని చేసేది. నేను ఆదోనిలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. రొమ్ములో గడ్డ ఉందని చెల్లెలినైన నాకు చెప్పేసరికే అది నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు కదా అని ఊరుకుందట.

సూదితో తీసిన ముక్కను కర్నూలు పంపించాం. క్యాన్సరేనని తేలింది. అది ఏ రకమో తెలియాలంటే అదే ముక్కకు ఇంకో మూడు పరీక్షలు చేయాలన్నారు అక్కడి డాక్టరమ్మ. ముక్కను పల్చటి పొరలుగా కోసి ఒక్కో పొరకు ఒక్కో మందు వేస్తారు. మొదటి రెండింటిలో ఏది గోధుమరంగుకు తిరిగినా ఏళ్ల తరబడి మాత్రలతో నెట్టుకురావచ్చు. మూడోది తిరిగితే దానికి వేరే ఇంజెక్షన్ ఉంది. ఒక్కటైనా తిరగాలని మొక్కుకున్నాను.

రిపోర్టు కోసం నేనే పోయాను. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూపించారు. మూడు గాజుపలకల్లోనూ నీలం చుక్కలే. సరిచూసుకోవడానికి పక్కన పెట్టిన వేరేవాళ్ల ముక్క మాత్రం చక్కగా గోధుమరంగు తేలింది.

నేను ఎమ్మిగనూరు చేరేసరికి అక్క వాకిట్లో నూలు ఆరేస్తోంది. ఆ మాత్రలూ ఇంజెక్షనూ దీనికి పనిచేయవని, కీమో ఒక్కటే దారని చెప్పాను.

"యా రంగూ పట్టలేదా?" అన్నది.

"పట్టలేదక్కా."

"నూలు సరిగా ఉడకకుంటే గూడా పట్టదు మే. ఇంకోసారి ఏసి సూడమని సెప్పు."

పక్కన పెట్టిన ముక్కకు అదే మందుతో రంగు పట్టిందని ఆమెకు చెప్పలేదు. డాక్టరమ్మను బతిమాలితే మళ్లీ చేయించారు. ఫలితం మారలేదు.

కీమో మొదలయ్యాక గడ్డ కరిగింది. ఆపరేషనూ అయింది. ఉగ్గాని తినాలని ఉందని అక్క అడిగి చేయించుకుంది. ఆ నెలలో మేమిద్దరం కొంచెం నవ్వుకున్నాం కూడా.

వానలు మొదలయ్యేసరికి అక్కకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులకు పాకిందన్నారు. ఇంకో రకం కీమో పెడితే నయం కాదు గాని, కొన్నాళ్లు ఎక్కువ బతకొచ్చన్నారు.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "సాలు మే. ఇంటికి తోల్కపో."

నేను వాదించాను, ఏడ్చాను. ఆమె వినలేదు.

పడుకుంటే ఊపిరాడేది కాదు. నా వీపుకు ఆనుకుని కూచునే నిద్రపోయేది. ఒక మధ్యాహ్నం అట్లా కూచునే పోయింది. నిద్ర పట్టిందనుకుని నేను చాలాసేపు కదలకుండా ఉన్నాను.