చిన్నమ్మ చేసుకోని పెనుకొండ అయ్యవారు

మా చిన్నమ్మకు చదువు రాదు. అయినా ఆమెకు తెలిసినన్ని ప్రేమకథలు బీఏలు చదివినవాళ్లకు కూడా తెలియవని ఇప్పటికీ పందెం కాస్తాను.

అరవైల మొదట్లో నేను హిందూపురంలో హైస్కూలు చదివేదాన్ని. సెలవు దొరికితే చాలు, అమ్మ దాచిపెట్టిన వారపత్రికలన్నీ సంచిలో కుక్కుకుని, రైలెక్కి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి చిన్నమ్మ ఇంట్లో వాలేదాన్ని. చిన్నాయన పట్టుచీరలు నేసేవాడు. చిన్నమ్మ పోగులు అతికేది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. వేలికి బూడిద అద్దుకుని ఆమె మెలితిప్పితే అతుకు ఎక్కడుందో కంటికి ఆనేది కాదు. ఒక్క పోగు దాటేస్తే తర్వాతవన్నీ వరసగా జరిగిపోయి, అంచు రంగు వచ్చి చీర మధ్యలో పడుతుంది. చిన్నమ్మ చేతిలో అలా జరిగిందని వీధిలో ఎవరూ ఎరగరు.

ఆ పని రోజంతా సాగేది. నేను ఎదురుగా కూర్చుని సీరియల్ చదవాలి. చిన్నాయన పక్కనే పడుగు సర్దుకుంటూ ఉండేవాడు. మాట్లాడే మనిషి కాదు. ఆ రోజుల్లో ఏ సీరియల్ తీసినా ఇద్దరు మగవాళ్ల మధ్య ఒక అమ్మాయి ఉండేది. చివరికి ఒకరిని చేసుకునేది. నేను "సమాప్తం" అనగానే చిన్నమ్మ మొదలుపెట్టేది.

"సరే, ఆ ఇంకొకాయన్ని చేసుకునింటే ఏమైతాండె?"

ఆ ఇంకొకాయన పత్రికలో డాక్టరు కావచ్చు, జమీందారు కొడుకు కావచ్చు. చిన్నమ్మ నోట పడితే మాత్రం పెనుకొండలో బడి అయ్యవారు అయిపోయేవాడు. ఆయన ఇంటి పెరటి తలుపు తీస్తే కొండ మీది కోటగోడ కనిపించేది. కూరలో ఉప్పు ఎక్కువైతే మారుమాట లేకుండా కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. పెండ్లాం పుట్టింటి నుంచి వస్తోందంటే మాత్రం రైలుకు గంట ముందే స్టేషన్లో నిలబడేవాడు. చలికాలమంతా దగ్గు. పత్రికల్లో రాసేవాళ్లు దక్కని ప్రేమకు చక్కెర పూసి చేతికిచ్చేవారు. దక్కని మనిషికి కోపమూ దగ్గూ కూడా ఇచ్చిన కథకురాలిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఒకసారి ఇంటికి తిరిగొచ్చాక ఈ అయ్యవారి సంగతులు అమ్మకు నవ్వుతూ చెప్పాను. అమ్మ నవ్వలేదు.

"ఆయప్ప నిజంగానే ఉండాడే. మీ చిన్నమ్మకు రెండు సంబంధాలు ఒకేతూరి వచ్చినాయి. ఎవురు కావాలో నువ్వే చెప్పమని మీ తాత అడిగినాడు. ఆ అయ్యవారంటే దానికి శానా ఇష్టం. రెండు దినాలు అన్నం ముట్టలేదు. మూడోనాడు లేచి, మగ్గముండే ఇంటికే పోతానని చెప్పింది."

"ఎందుకు?"

"బడి అయ్యవారి ఇంట్లో నా చేతి వేళ్లకు పనేముంటాదని అనింది."

ఇన్నేళ్లుగా ఆ కథలన్నీ చిన్నాయన పక్కనే కూర్చుని వింటున్నాడు. తెలిసిన రోజున ఆ కాపురం ఏం కాను? పదిహేనేళ్ల నేను, సీరియళ్లలో సంపాదించిన తెలివినంతా ఉపయోగించి, పెనుకొండ అయ్యవారిని చంపేయాలని తీర్మానించుకున్నాను.

మళ్లీ సెలవులకు పోయినప్పుడు చిన్నమ్మ "మన అయ్యవారు" అని ఎత్తుకోగానే అడ్డం పడ్డాను. "ఆయప్ప లేడు చిన్నమ్మా. జొరమొచ్చి పోయినాడు."

ఆమె వేళ్లు ఆగాయి. "అట్లనా" అంది. మళ్లీ మెలితిప్పసాగింది. ఆ రోజు ఇంకో సీరియల్ చదవమని అడగలేదు. పని చక్కబెట్టానని నేను లోలోపల మురిసిపోయాను.

మర్నాడు ఉదయం చిన్నాయన మగ్గంలో కూర్చుని, అతుకులు ముందుకు లాగి, రెండు వేళ్ల మేర నేసి చేయి ఆపేశాడు. ఎర్ర అంచు పోగు ఆకుపచ్చ చీరలోకి దిగింది. చిన్నమ్మ చూసి, తల వంచుకుని వంటింట్లోకి పోయింది. అయిపోయింది, ఇక ఆమెను తిడతాడు అనుకున్నాను. ఆయన నన్ను పిలిచాడు.

"పాపా, ఆ పెనుకొండ అయ్యవారిని ఎందుకు సంపితివి?"

ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ చెప్పిందంతా కక్కేశాను. నీకు తెలిస్తే చిన్నమ్మను ఏమంటావోనని భయపడ్డాను అన్నాను.

"నాకు తెలీకపోవడమేమి? పెండ్లికి ముందే చెప్పింది. ఆయప్ప నచ్చినాడు, అయినా నిన్నే చేసుకుంటా అనింది."

"నీకు బాధ లేదా?"

"మొదుట్లో ఉండె." ఆయన ఎర్ర పోగును వేలితో మెల్లగా పక్కకు జరిపాడు. "నువ్వొచ్చినప్పుడంతా మీ చిన్నమ్మ కతలో ఆయప్ప ఇంట్లో కాపురం చేసి, మళ్లా ఈడికే వస్తాంది గదమ్మా. ఎవురి పెండ్లామైనా మొగున్ని ఒక్కతూరే చేసుకుంటాది. నన్ను ఎన్నితూర్లు చేసుకునిందో లెక్క లేదు. పో, ఆయప్పను బతికించు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మీద అంతులేని గౌరవమూ పుట్టింది. తప్పిన చోటి నుంచి పోగులు తెంపి మళ్లీ అతకడానికి ముగ్గురం కూర్చున్నాం. పోయింది పక్కవీధి అయ్యవారట, మన అయ్యవారు కాదట అని గొణిగాను. చిన్నమ్మ పోగులు తెంపుతూనే ఉంది. చిన్నాయన కొత్త పోగు ఒకటి ఆమెకు అందించాడు.

"ఆయప్పకు జొరం తగ్గిందా?" అని అడిగాడు.

చిన్నమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. సంచినిండా పత్రికలు మోసుకుని తిరిగినదాన్ని, ఏ కథలోనూ ఒక ఆడది తన మొగుణ్ణి అలా చూడగా నేను చదవలేదు.