తుపాకీ తన్నకముందే

2022 చలికాలం. సౌదీలోని అల్ ఖోబర్‌లో లైసెన్సున్న ఒక వేట సామగ్రి దుకాణంలో నాకది పదిహేనో ఏడు. మాది కడప. వడ్రంగి వీసా మీద వచ్చి, రైఫిల్ స్టాక్‌లను, అంటే భుజానికి ఆనించుకునే చెక్క భాగాలను, కొనేవాళ్ళ కొలతకు సరిచేసే పనిలో కుదురుకున్నాను. సరిచేసిన ప్రతి రైఫిల్‌నూ షూటింగ్ రేంజ్‌లో కాల్చి, గురి సరిగ్గా ఉందని కాగితం మీద సంతకం పెట్టడమూ నా పనే. అప్పటికే నా కుడిచెయ్యి తల దువ్వుకోవడానికి కూడా సరిగా లేచేది కాదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్, రెన్యూ చేయరేమోనని భయం.

అబూ సాలెహ్ అనే రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు బావమరుదులతో కలిసి ఆఫ్రికాకు అడవిదున్నల వేటకు వెళుతూ మా దగ్గరికి వచ్చారు. 458 క్యాలిబర్ రైఫిలే కావాలన్నారు. దాని రికాయిల్, అంటే పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ, భుజాన్ని కదిలించేస్తుంది.

"చిన్నది కొంటే నా బావమరుదులు నవ్వుతారు" అన్నారు. మా మాటలు సగం అరబిక్‌లో, సగం ఇంగ్లీషులో సాగేవి.

రేంజ్‌లో ఆయన కాల్చినవన్నీ కిందికే తగిలాయి. అనుమానం వచ్చి, చెప్పకుండా ఒక డమ్మీ తూటా పెట్టిచ్చాను. అందులో మందు ఉండదు. ఆయన ట్రిగ్గర్ నొక్కారు. టక్కుమంది, అంతే. కానీ గొట్టం జానెడు కిందికి వంగింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. దెబ్బ రాకముందే ఒళ్ళు ఇలా ముడుచుకోవడాన్ని ఫ్లించ్ అంటారు.

"నన్ను మోసం చేశావు" అన్నారు.

"తప్పే సార్. కానీ దున్న ముందు ఇలాగే జరిగితే గుండు పొట్టలోకి పోతుంది. గాయపడ్డ దున్న మనుషుల మీదికి వస్తుంది."

ఆయన బెంచీ మీద కూర్చుని కనుబొమ్మ మీది మచ్చ చూపించారు. "పోయినేడు ఒకరి రైఫిల్ కాల్చాను. పైనుండే గురి చూసే స్కోప్ వెనక్కి వచ్చి తగిలింది. ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పాను." తర్వాత నా వైపు తిరిగి అడిగారు. "నీకూ ఇలా అవుతుందా?"

పదిహేనేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. "అవుతుంది సార్. రెండేళ్ళుగా."

చివరికి 375 క్యాలిబర్ రైఫిల్ తీసుకున్నారు. దున్నకు అది చాలు, తన్నడం తక్కువ. స్టాక్ అరంగుళం పొడుగు చేసి, మందమైన రబ్బరు ప్యాడ్ బిగించాను. మూడు వారాలు చిన్న రైఫిల్‌తో సాధన చేశారు. ఫ్లించ్ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ మాటే చెప్పి పంపాను.

తిరిగొచ్చాక ఒకరోజు దుకాణానికి వచ్చారు.

"దున్న అరవై మీటర్లలో పక్కకు తిరిగి నిలబడింది. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. ఒళ్ళు ముడుచుకుంటోందని తెలిసింది. రైఫిల్ దించేశాను."

"మీవాళ్ళు?"

"నవ్వారు. జాడ చూస్తూ మా ముందు నడిచే ట్రాకర్ మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందు ఎవరో గాయపరిచిన దున్న వాళ్ళన్నను చంపేసిందట."

ఆయన వెళ్ళాక చాలాసేపు చేతిలో పని సాగలేదు. లేచి మా మేనేజర్ యూసుఫన్న దగ్గరికి వెళ్ళాను. ఆయనది కరీంనగర్.

"అన్నా, పెద్ద రైఫిళ్ళు నేనింక కాల్చలేను. భుజం పోయింది. పేలకముందే కండ్లు మూసుకుపోతాండాయి."

"ఎన్ని దినాల సంది?"

"రెండేండ్లయింది."

"మరి గిన్ని దినాలు ఎందుకు చెప్పలే? నీ సంతకం జూసే గద అమ్మినం!"

"పని పోతాదని చెప్పలేదన్నా."

వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. తర్వాత కాల్చి చూసే పనికి ఒక ఫిలిప్పీన్స్ టెక్నీషియన్‌ని పెట్టారు. నన్ను చెక్కపనిలోనే ఉంచారు. ఆ రెండేళ్ళలో నేను సరిచూసిన పెద్ద రైఫిళ్ళు పదకొండు. అన్నింటినీ వెనక్కి తెప్పించి చూస్తే రెండింటి గురి తప్పి ఉంది.

రికాయిల్ తగ్గించడానికి ప్యాడ్ ఉంది, బరువుంది, కొలతకు తగ్గ స్టాక్ ఉంది. తట్టుకోలేకపోతున్నానని మనిషి ఒప్పుకున్నాకే అవన్నీ పనికొస్తాయి. అబూ సాలెహ్ ఆ రోజే బెంచీ మీద ఒప్పుకున్నారు. నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండు రైఫిళ్ళు ఎక్కడ, ఏ జంతువు ముందు పేలాయో వాటి యజమానులను అడగడానికి నాకు ఈరోజుకీ నోరు రాలేదు.