మా డయాలసిస్ గదిలో మూడో షిఫ్టు

2018 ఎండాకాలం. గోదావరిఖని సర్కారు దవాఖానలో డయాలసిస్ యూనిట్ మొదలై కొన్నాళ్లయింది. నేను అందులో స్టాఫ్ నర్సుని. ఇప్పుడంటే మెడికల్ కాలేజీ వచ్చింది, బిల్డింగులు లేచాయి, పేషెంట్లను పైకి తీసుకెళ్లడానికి లిఫ్టు కూడా ఉంది. అప్పుడు మాకున్నది పాత వార్డుకు అడ్డగోడ కట్టి విడదీసిన ఒక గది, అందులో ఐదు మిషన్లు, మనసైనప్పుడే పనిచేసే ఒక ఏసీ. రామగుండం ఎండలు చూసినవాళ్లకు ఆ ఏసీని నేనెన్ని తిట్లు తిట్టి ఉంటానో చెప్పక్కర్లేదు. అయినా డయాలసిస్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఇరుకు గదే.

కిడ్నీలు పాడైన మనిషి రక్తాన్ని గొట్టంతో బయటికి తీసి, డయలైజర్ అనే వడపోత గుండా పంపి, శుభ్రం చేసి మళ్లీ ఒంట్లోకి ఎక్కించడమే డయాలసిస్. ఒక్కసారికి నాలుగు గంటలు పడుతుంది. వారానికి రెండు మూడుసార్లు, బతికున్నంత కాలం చేయించుకోవాలి. అంతకుముందు మా వైపు వాళ్లంతా కరీంనగర్ పోవాల్సిందే. తర్వాత సర్కారు మా దవాఖానకే యూనిట్ ఇచ్చింది. గది, కరెంటు, నీళ్లు దవాఖానవి. మిషన్లు ఒక ఏజెన్సీ వాళ్లవి, టెక్నీషియన్ కూడా వాళ్ల మనిషే. చేసిన ప్రతి డయాలసిస్‌కూ సర్కారు ఆ ఏజెన్సీకి డబ్బు కడుతుంది. పేషెంటుకు ఖర్చు లేదు. కాకపోతే రోజుకు రెండు స్లాట్లకే మంజూరు ఇచ్చారు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

స్లాట్ అనే మాట కాగితాల్లోనే ఉండేది. మా పేషెంట్లు దాన్ని షిఫ్టు అనేవాళ్లు. గనుల్లో పర్మినెంటు నౌకరీ ఉన్నవాళ్లకు కంపెనీ కార్డు, కంపెనీ దవాఖాన ఉన్నాయి. మా దగ్గరికి వచ్చేది ఆ కార్డు లేని కాంట్రాక్టు కార్మికులు, చుట్టుపక్కల పల్లెల రైతులు. అయితేనేం, బొగ్గు ఊళ్లో పుట్టి పెరిగిన నోళ్లు. డయాలసిస్‌కు రావడం డ్యూటీకి రావడమే. రాని రోజు నాగా. ఈ భాష మొదలుపెట్టింది మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చే లింగయ్య కాక. ఆయన ఎప్పుడో గని నౌకరీకి స్వచ్ఛందంగా రాజీనామా చేసి బయటపడ్డ మనిషి, కార్డు కూడా అప్పుడే పోయింది. మా నాన్నా గనిలో టింబర్‌మన్, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఇద్దరూ ఒకే గనిలో చేశారట. అందుకే లింగయ్య కాకకు నా మీద ఒక హక్కు ఉండేది.

"గనిల దిగి పనిచేసినం బిడ్డా, ఇక్కడ ఎక్కి చెయ్యాలె. అంతే ఫరక్" అనేవాడు మంచమెక్కుతూ.

"మాటలు తర్వాత. నీళ్లెన్ని తాగినవ్ చెప్పు ముందు" అనేదాన్ని నేను. డయాలసిస్ మనిషి నీళ్లు కొలుచుకొని తాగాలి. తాగిందంతా ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తులను ముంచుతుంది. మే నెలలో నీళ్లు తాగొద్దని చెప్పడం కన్నా పాపిష్టి పని ఇంకోటి లేదు, అదే నా ఉద్యోగం.

ఆ రోజుల్లో పద్మ వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. జ్యోతినగర్ క్వార్టర్లలో రోడ్లూడ్చే కాంట్రాక్టు పని. వారానికి రెండుసార్లు బస్సులో కరీంనగర్ పోయి డయాలసిస్ చేయించుకొని, తల తిరుగుతుంటే కిటికీకి ఆనుకొని తిరిగొచ్చేది. ఆ రెండు రోజులూ పని పోయేది. ఇంకొన్ని నాగాలైతే తీసేస్తానని సూపర్‌వైజర్ అన్నాడట. పొద్దున ఊడ్చి మధ్యాహ్నం మా దగ్గరికి రాగలిగితే పనీ నిలుస్తుంది, ప్రాణమూ నిలుస్తుంది. కానీ మా రెండు షిఫ్టులూ నిండిపోయి ఉన్నాయి.

"ఖాళీ అయితే చెప్పక్కా" అని పోయింది. తర్వాత వారం మళ్లీ వచ్చింది. గుమ్మంలో నిలబడి, "అక్కా, ఖాళీ అయిందా?" అంది.

ఆ గదిలో ఖాళీ ఎలా అవుతుందో మంచాల మీదున్న ఐదుగురికీ తెలుసు. లింగయ్య కాక ఒక్కడే తల ఎత్తి, "ఇంక కాలేదు బిడ్డా. నేనైతే తయారుగనే ఉన్న గానీ, పైనోడే పిలుస్తలేడు" అన్నాడు. పద్మ ముఖం పాలిపోయింది. ఆమె ఆ మాట ఆలోచించి అడగలేదు, బస్సులో సీటు ఖాళీ ఉందా అన్నట్టు అడిగింది. నేను బయటికి తీసుకెళ్లి గట్టిగానే చెప్పాను.

"ఇంకోసారి ఆ మాట అనకు పద్మా. లోపల పండుకున్నోళ్లకు ఎట్లుంటదో తెలుసా?"

తెలుసు, ఆమే ఒక పేషెంటు గదా. ఆ తర్వాత అడగలేదు. వచ్చి, గుమ్మం బయటే నిలబడి, విడిచిన చెప్పులు చూసి వెళ్లిపోయేది. డయాలసిస్ గదిలోకి చెప్పులతో రానివ్వం. లోపలికొచ్చినవాళ్ల చెప్పులన్నీ గోడ వారగా ఉంటాయి. అన్నీ ఉంటే అందరూ వచ్చినట్టు. ఆమె చూస్తున్నదని అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఆశ్చర్యం.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం. రెండో షిఫ్టు మొదలవుతోంది. మా టెక్నీషియన్ రమేష్ ముందు నలుగురిని ఎక్కించి లింగయ్య కాక మిషన్ సిద్ధం చేస్తున్నాడు. బయట ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే పద్మ, గుమ్మం దగ్గర నేల మీద కూలబడి ఉంది. ముఖం వాచింది, కాళ్లు వాచాయి, నాలుగు మాటలకొకసారి ఊపిరి అందడం లేదు. పని పోతుందన్న భయంతో కరీంనగర్ వెళ్లకుండా వారమంతా నాగా పెట్టింది.

"లింగయ్య కాక... పోయిండా అక్కా?"

చెప్పుల వైపు చూశాను. నిజమే, ఆయనవి లేవు. ఆయన ముందురోజే కొత్త చెప్పులు కొన్నాడు, దవాఖానలో ఎవరైనా ఎత్తుకుపోతారని సంచిలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. ఆ సంగతి నేను చెప్పేలోపే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నాకా జాగ వద్దక్కా. ఇన్ని రోజులు నేనే చూసిన గద, చెప్పులెప్పుడు లేకుంట ఉంటయా అని. నాకొద్దు."

ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నాను ఈ ఉద్యోగం. కళ్లు తుడుచుకుంటూ పనిచేసింది ఆ రోజే.

లోపలి నుంచి లింగయ్య కాక గొంతు వినిపించింది. "ఎవలే నన్ను సంపింది? నా చెప్పులు నా దగ్గర్నే ఉన్నయి." మంచం దిగి, ఆ కొత్త చెప్పులు చేత్తో పట్టుకొని గుమ్మం దాకా వచ్చాడు. పద్మను చూశాడు. నవ్వుదామని వచ్చిన మనిషి నవ్వలేదు.

"సిస్టరమ్మా, నన్నింక ఎక్కియ్యలే గద. ముందు ఈ పిల్లను ఎక్కియ్యి."

"నీ సంగతేంది మరి?"

"ఆమె దిగినంక నేనెక్కుత. గనిల మూడో షిఫ్టు లేదా? గిది గట్లనే అనుకో. నా బతుకుల సగం మూడో షిఫ్టే నడిచింది."

డాక్టరును పిలిచాం. ఆయన ఇద్దరినీ చూసి, పద్మ ఆగే పరిస్థితిలో లేదు, కాక సాయంత్రం దాకా ఆగగలడు అన్నాడు. కరీంనగర్ రిపోర్టులు ఆమె సంచిలోనే ఉన్నాయి, చేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు. వెంటనే ఎక్కించాం. గంట గడిచాక ఆమె ఊపిరి నెమ్మదించింది, నిద్రపోయింది. లింగయ్య కాక బయట బెంచీ మీద కూర్చొని ఆ నాలుగు గంటలూ ఒక్క గుక్క నీళ్లడగలేదు. ఆమె దిగాక ఆయన ఎక్కాడు. రమేష్, నేను ఇళ్లకు ఫోన్లు చేసి ఉండిపోయాం. మంజూరు లేని డయాలసిస్ ఒకటి ఆ రోజు మా గదిలో జరిగింది.

కొన్ని వారాలకు దవాఖానను పెంచే పని మీద హైదరాబాదు నుంచి ఒక పెద్దాఫీసరు వచ్చింది. వార్డులన్నీ తిరిగి మా గదికీ వచ్చింది. పేషెంట్లను పలకరిస్తూ ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగింది. సాధారణంగా మావాళ్లు ఏమీ లేవమ్మా అని దండం పెడతారు. లింగయ్య కాక సూదులున్న చెయ్యి కదపకుండా తల మాత్రం తిప్పాడు.

"మేడం, మిషన్ ఊకె ఉంటే గని కంపెనీ ఊకుంటదా? మూడు షిఫ్టులు నడిపిస్తది. మీరేమో రెండు షిఫ్టులకే తాళం ఏస్తున్నరు. బయట మనుషులు సస్తున్నరు."

"సాయంత్రం పూట ఎవరొస్తారు తాతా? స్టాఫ్ కావాలి, ఫండ్స్ కావాలి."

"నేనొస్త. మొన్న నడిపిన్రు గద, మంచిగనే అయింది."

రమేష్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె నా వైపు తిరిగి, "మొన్న నడిపారా? ఎవరి పర్మిషన్‌తో?" అంది.

"నాదే" అన్నాడు లింగయ్య కాక.

ఆమె నన్ను బయటికి పిలిచి జరిగిందంతా చెప్పించుకుంది. తిట్టలేదు, మెచ్చుకోలేదు కూడా. వానాకాలం వెళ్లిపోతుండగా మూడో స్లాట్‌కు మంజూరు వచ్చింది, ఇంకో టెక్నీషియన్, ఇంకో నర్సు వచ్చారు. ఆ ఆఫీసరు వల్ల వచ్చిందో, మా సూపరింటెండెంట్ తిరగ్గా తిరగ్గా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. అప్పటిదాకా పద్మను ఎలా నెట్టుకొచ్చామో అడక్కండి, ఆ పర్మిషన్ కూడా లింగయ్య కాకదే.

లింగయ్య కాక మాటకు నిలబడ్డాడు. మధ్యాహ్నం జాగ పద్మకిచ్చి సాయంత్రానికి మారాడు. పద్మ దిగే వేళకు ఆయన వచ్చేవాడు. ఆమె తన మంచం మీద దుప్పటి తనే సర్ది, "కాకా, డ్యూటీ నీకప్పజెప్తున్న" అనేది. "ఇగ నువ్ ఇంటికి నడువ్" అనేవాడు ఆయన. చెప్పులు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ సంచిలో దాచలేదు. పద్మ చెప్పుల పక్కనే విడిచేవాడు.

మూడేళ్లు అలా నడిచింది. ఒక చలికాలం ఆయన గుండె ఆగింది, ఇంట్లోనే, నిద్రలో. కొత్త బిల్డింగుకు మారాక మిషన్లు పెరిగాయి, ఏసీ గడగడలాడిస్తుంది, పేషెంట్లే దుప్పట్లడుగుతున్నారు. సూది గుచ్చడం కన్నా ముందు కొత్త నర్సులకు నేను ఒకటి నేర్పుతాను, ఈ గదిలో ఏ మాట అనకూడదో. నాకు దాన్ని నేర్పింది ఈ ఇద్దరే.

మొన్నామధ్య రామగిరి వైపు నుంచి ఒకతను భార్యను తీసుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "సిస్టర్, ఖాళీ ఉన్నదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మంచం మీది నుంచి పద్మ అందుకుంది.

"అన్నా, ఇక్కడ గట్ల అడగరు. షిఫ్టు ఉన్నదా అని అడుగు."

అతను తడబడి, "షిఫ్టు ఉన్నదా అక్కా?" అన్నాడు.

"మూడోది ఉన్నది. అది మా లింగయ్య కాకది" అంది పద్మ. "చెప్పులు ఆడ విడిచి లోపలికి రాండ్రి."