అబ్బే, నాదే నయం

మా తోడల్లుడుగారు తన ముందు పెట్టిన గిన్నెలోది తినరు. ఎదుటివాడి ముందు పెట్టిన గిన్నెలోది తింటారు. ఆయన గురించి లోకం తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే. తక్కిన సుగుణాలు చాలా ఉన్నాయి. మా ఆవిడని కదిలిస్తే సాయంత్రందాకా చెబుతుంది. అక్క మొగుడంటే దానికి అంత గురి. దానికేం, పోయే గిన్నె దానిది కాదు.

వృత్తిరీత్యా ఆయన కళ్ళద్దాలవారు. మాల్ కింది అంతస్తులో, చెప్పుల షాపుకీ సెల్‌ఫోన్ల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆయన దుకాణం. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుమీద బరువైన ఫ్రేమొకటి తగిలించి, అందులో ఒక అద్దం తీసి ఇంకొకటి దూర్చి, 'ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా' అని అడగడం ఆయన జీవితం. పొద్దస్తమానం మార్చి మార్చి ఆ చేతులకి మార్చడం తప్ప మరో పని చేతకాకుండా పోయిందని నా సిద్ధాంతం. మా పిల్లలు ఆయన్ని 'మార్పిడి పెదనాన్న' అంటారు. చాటుగా కాదు, మొహంమీదే. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించారు.

ఈ మార్పిళ్ళకి రంగస్థలం అదే మాల్ పై అంతస్తులో ఉన్న రామెన్ హోటలు. గుమ్మానికి ఎర్రటి గుడ్డ తెర, అద్దాల బీరువాలో ప్లాస్టిక్‌తో చేసిన నమూనా గిన్నెలు, లోపల మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా బల్లలు. జపానువాళ్ళ వంటే గాని ధర మనలాంటివాళ్ళదే. లోతైన గిన్నెనిండా పొగలు కక్కే సూపు, అందులో బూటు లేసుకన్నా కాస్త సన్నంగా నూడుల్స్, పైన సగానికి కోసిన గుడ్డు. తినడానికి రెండు పుల్లలిస్తారు. వాటితో నూడుల్స్ పట్టుకోవడం ఎంత కష్టమో, గిన్నె పోకుండా పట్టుకోవడం అంతకన్నా కష్టం. నెలకొక ఆదివారం మా రెండు కుటుంబాలూ అక్కడికి వెళ్ళి తీరాలని శాసనం. శాసనకర్త ఎవరో చెప్పనక్కర్లేదు.

మొట్టమొదటిసారి వెళ్ళినప్పుడు, ఆర్డరిచ్చే తెరమీద బొమ్మ చూసి మోజుపడి, సముద్రపు రామెన్ అనేదొకటి చెప్పాను. వచ్చింది. సూపులోంచి ఒక బుల్లి ఆక్టోపస్, కాళ్ళన్నీ ముడుచుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా నావంక చూస్తోంది. నేను ధైర్యం కూడగట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ కార్యక్రమం ఇంకా సాగుతుండగానే పక్కనుంచి గొంతు వినిపించింది.

"ఏమోయ్, నీదే బాగున్నట్టుందే."

"అబ్బే, మామూలుగానే ఉందండి."

"ఇటివ్వు."

"అన్నయ్యా, మీ చికెన్‌ది మీరు తినండి."

"చికెన్‌దేముందోయ్, ఎక్కడైనా దొరుకుతుంది" అంటూ నా గిన్నె లాక్కుని తన గిన్నె నా ముందుకి తోశారు. ఆక్టోపస్‌ని అలాగే నోట్లో వేసుకుని చాలాసేపు నమిలారు. నమిలి నమిలి, నేను తింటున్న చికెన్ వైపు దిగులుగా చూసి, "అబ్బే, నాదే నయం" అన్నారు.

ఆ మాటకే నాకు ఒళ్ళు మండేది. గిన్నె పోతే పోయింది. దోచుకున్న మనిషి, సొత్తు నాసిగా ఉందని దోపిడీకి గురైనవాడితోనే మొరపెట్టుకుంటే ఎలా? మార్చుకున్న ప్రతిసారీ, నాలుగు ముద్దలయ్యాక, అదే చూపు, అదే మాట. అబ్బే, నాదే నయం.

తర్వాత నెల నేను తెలివిగా ఆయన చెప్పిందే చెప్పాను. ఒకే రకం, ఒకే సైజు, ఒకే మంట మీద ఉడికినవి. ఇక మార్చుకోవడానికేముంది? గిన్నెలు రెండూ వచ్చాయి. అంతకు ముందు రోజే పనిలో చేరిన పిల్ల తెచ్చిపెట్టింది. నా దాంట్లో గుడ్డు వెయ్యడం మర్చిపోయారు. ఆ పిల్లని పిలిచి, వినియోగదారుడి హక్కుల గురించి నాలుగు మాటలు చెబుదామని గొంతు సవరించుకున్నాను.

"నీదే బాగున్నట్టుందే" అన్నారు మా తోడల్లుడుగారు.

"రెండూ ఒకటే కదండీ."

"నీ దాంట్లో పొగ ఎక్కువొస్తోంది."

గుడ్డున్న గిన్నె నాకిచ్చి, గుడ్డు లేనిది తీసుకున్న మనిషిని ఏమనాలి? దురాశ అందామంటే లాభం లేదు. వెర్రి అందామంటే మా ఆవిడ ఊరుకోదు. పైగా ఆ పిల్లని నిలదీసే సువర్ణావకాశం కూడా చేజారింది.

ఇలా లాభం లేదని మూడోసారి, గిన్నె బల్లమీద ఆనీ ఆనకముందే గబగబా రెండు గుక్కలు తాగేశాను. నాలిక కాలింది. అయినా విజయగర్వంతో, "ఎంగిలైపోయిందండీ" అని ప్రకటించాను.

"మనలో మనకి ఎంగిలేమిటోయ్" అని ఆయన గిన్నె లాక్కున్నారు.

చుట్టాలతోనైతే సర్దుకుపోవచ్చు. ఒకసారి పక్క బల్ల దగ్గర ఎవరో ముసలాయన ఒక్కడే కూర్చుని, కరకరలాడే వేపుడు ముక్కలున్న గిన్నె ముందేసుకుని, ఏదో ఆలోచిస్తూ బోసినోరు ఆడిస్తున్నాడు. మా తోడల్లుడుగారు లేచి వెళ్ళి, "బాబాయిగారూ, మీదే బాగున్నట్టుంది" అని, మెత్తటి నూడుల్స్ ఉన్న తన గిన్నె అక్కడ పెట్టి ఆయనది పట్టుకొచ్చేశారు. హోటలంతా చూసింది. నేను అద్దాల బీరువాలోని ప్లాస్టిక్ గిన్నెల్ని పరిశీలిస్తూ, ఈ మనిషికీ నాకూ ఏ సంబంధమూ లేనట్టు నటించాను. తిరిగొచ్చాక ఆయన కరకరమని నములుతూ, "అబ్బే" అన్నారు. మిగతాది నేనే పూర్తిచేశాను.

ఇలాంటి మనిషికి పెళ్ళీడు కూతురుంది. ఆ పిల్ల ఒక అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయి పశువుల డాక్టరు, నెమ్మదస్తుడు. వాళ్ళమ్మగారు మాత్రం బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. అమ్మాయి తరఫువాళ్ళని చూశాకే తన మాట చెబుతానన్నారట. ఆడంబరాలేమీ వద్దు, ఎక్కడో మామూలు చోట, చవగ్గా ఉన్నచోట కలుద్దామని కూడా అన్నారట. ఆ ముక్క మా తోడల్లుడుగారి చెవినపడేసరికే వేదిక ఖరారైపోయింది.

ఆ పిల్ల పరుగున నా దగ్గరికొచ్చింది.

"బాబాయ్, ఆవిడకి పద్ధతులంటే ప్రాణం. నాన్న ఆవిడ గిన్నె మీద చెయ్యి వేశాడంటే నా పెళ్ళి అక్కడితో సరి. ఆయన పక్కన నువ్వే కూర్చోవాలి."

"నేనా? నా గిన్నెనే నేను కాపాడుకోలేకపోతున్నానమ్మా."

"నీది పోతే పోనీ. ఆవిడది చూడు చాలు."

ఇద్దరం కలిసి కళ్ళద్దాల షాపుకి వెళ్ళాం.

"నాన్నా, ప్రమాణం చెయ్యి. ఆ రోజు ఎవరి గిన్నే ముట్టుకోనని."

"సరే."

"సరే కాదు. ప్రమాణం."

"నా షాపు మీద ఒట్టు" అన్నారాయన, అద్దాలు తుడుస్తూ. "చాలా? మీ బాబాయిది కూడా ముట్టుకోకూడదా?"

"ఎవరిదీ."

ఆయన మొహం చూస్తే నిరాహారదీక్షకి కూర్చోబోతున్నవాడిలా ఉంది.

ఆ ఆదివారం వచ్చింది. బల్లకి ఒకవైపు హెడ్మిస్ట్రెస్‌గారు, అబ్బాయి, మా అమ్మాయి. ఇటువైపు మా తోడల్లుడుగారు, నేను, మా వదినగారు. మా ఆవిడ, పిల్లల సైన్యంతో వెనక బల్ల దగ్గర. నేను కూర్చోగానే నా ఎడమ బూటుని ఆయన కుడి పాదం మీద ఆనించి ఉంచాను. అవసరమైతే తొక్కడానికి సిద్ధంగా.

హెడ్మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు సవరించుకుని, తెరమీద గిన్నెల బొమ్మల్ని జవాబుపత్రాలు దిద్దుతున్నంత శ్రద్ధగా చూశారు. ఒక్కో బొమ్మ కింద ఎర్రటి మిరపకాయలు గీసి ఉన్నాయి. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు, ఒకదానికి బారుగా అయిదు.

"ఇది అయిదుకి అయిదు. ఇదే తీసుకుందాం" అని దానిమీద నొక్కారు.

అబ్బాయి ఏదో అనబోయాడు. ఆవిడ చూశారు. అతను మానుకున్నాడు.

గిన్నెలు వచ్చేలోపు సంభాషణ క్రమశిక్షణ మీదికి మళ్ళింది. "బళ్ళో పిల్లలకి నేను చెప్పేది ఒకటేనండీ. వడ్డించింది వదలకుండా తినాలి. వదిలేసేవాళ్ళంటే నాకు గౌరవముండదు. చిన్నవాళ్ళైనా సరే, పెద్దవాళ్ళైనా సరే." మేమంతా భక్తిగా తలలూపాం.

గిన్నెలొచ్చాయి. ఆవిడది చూస్తే ఇటుకరంగు మీద నూనె తేలుతూ, అగ్నిమాపకదళానికి కబురుపెట్టేలా ఉంది. నేను మాత్రం దాన్ని సరిగ్గా చూడలేదు. నా చూపంతా మా తోడల్లుడుగారి చేతుల మీదే ఉంది. అవి బుద్ధిగా పుల్లలు పట్టుకుని, తన గిన్నెలోని తన నూడుల్స్‌ని తన నోట్లోకి చేరవేస్తున్నాయి. ఇన్నేళ్ళ బంధుత్వంలో నేను చూడని దృశ్యం. ఎదురుగా మా అమ్మాయి ఊపిరి తీసుకుంటోంది.

హెడ్మిస్ట్రెస్‌గారు రెండు గుక్కలయ్యాక మాట్లాడటం మానేశారు. మర్యాద అనుకున్నాను. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిరి అనుకున్నాను. మళ్ళీ పెట్టుకుని, వీపు నిటారుగా చేసి, మరో గుక్క తాగి, మళ్ళీ కళ్ళజోడు తీశారు.

మా తోడల్లుడుగారి పుల్లలు ఆగిపోయాయి.

నేను పాదం తొక్కాను. ఆయన కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాను.

"చెల్లెమ్మగారూ" అన్నారాయన. "మీదే బాగున్నట్టుంది."

మా వదినగారు కళ్ళు మూసుకున్నారు. నేను బూటుకి నా ఒంటి బరువంతా అప్పగించాను.

"నేను తినడం మొదలుపెట్టేశానండీ" అన్నారావిడ, బొంగురుగా. "ఎంగిలి."

"కాబోయే చుట్టరికంలో ఎంగిలేమిటండీ" అంటూ ఆ చేతులు బల్లకి అడ్డంగా సాగాయి. ఎర్రగిన్నె ఇటొచ్చింది. చప్పటి గిన్నె అటెళ్ళింది. మా అమ్మాయి తెరమీద వెనక్కి వెళ్ళే మీట ఎక్కడుందా అన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆయన తిన్నారు. మొదట నుదురు, తర్వాత మెడ, ఆ తర్వాత చొక్కా కాలరు తడిశాయి. ముక్కు సూపు రంగుకి వచ్చింది. ఈసారి ఆయన కళ్ళజోడు తీశారు. గిన్నె ఖాళీ చేసి, అలవాటుగా ఆవిడ గిన్నెవైపు దిగులుగా చూసి నోరు తెరిచారు. మాట రాలేదు. చేత్తో సైగచేసి చూపించారు. నాకు అర్థమైంది: అబ్బే.

హెడ్మిస్ట్రెస్‌గారు తన ముందున్నది వదలకుండా తిన్నారు. ఎవరివైపూ చూడలేదు.

బయటికొచ్చి ఎస్కలేటర్ దగ్గర నిలబడ్డాం. మా అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు, వాళ్ళ నాన్న కళ్ళనిండా అంతకన్నా ఎక్కువ. కారణాలు వేరు. హెడ్మిస్ట్రెస్‌గారు నన్ను పక్కకి పిలిచారు.

"ఆయన ఎప్పుడూ ఇంతేనా?"

"మీరు పెద్దమనసు చేసుకోవాలండీ. అదొక జబ్బు. ఏళ్ళ తరబడి నేనే బాధితుణ్ణి. అమ్మాయికి మాత్రం ఆ లక్షణాలేమీ..."

"ఆ మిరపకాయలు" అని ఆవిడ గొంతు తగ్గించారు, "మార్కులనుకున్నానండీ."

నవ్వు రాకుండా నేను ఎస్కలేటర్ మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"మా అబ్బాయితో అనకండి. నోరు మండిపోయింది. వదిలేద్దామంటే, అంతకు ముందే అంత ఉపన్యాసమిచ్చి ఉన్నాను. నేను కళ్ళజోడు తీసినప్పుడు నా కళ్ళలోకి చూసింది ఆయనొక్కడే. మీరంతా ఆయన్ని కాపలా కాస్తున్నారు."

నాకు ఆక్టోపస్ గుర్తొచ్చింది. గుడ్డు లేని గిన్నె, దాన్ని తెచ్చిపెట్టిన కొత్త పిల్ల, పక్క బల్ల దగ్గరి బోసినోరు, అన్నీ వరసగా ఎస్కలేటర్ ఎక్కి పైకొచ్చాయి. ఇన్నాళ్ళూ నేను పెంచి పోషించుకున్న కోపమంతా ఒక్క నిమిషంలో నిరాధారమైపోవడం ఏ మనిషికైనా బాధాకరమే.

కిందికి వెళ్ళాక షాపు దగ్గర ఆయన్ని నిలదీశాను. "అన్నయ్యా, మీకు తెలుసు కదా, ఆవిడ తినలేకపోతున్నారని."

"నాకేం తెలుసు?" అన్నారాయన, చన్నీళ్ళ సీసా దించి. "ఎర్రగా బాగుంది కదాని తీసుకున్నా. మోసపోయానోయ్. నాదే నయం. అది సరేగాని, నా కాలు చితక్కొట్టావు, చెప్పు పట్టడంలేదు."

అంతకన్నా ఒక్క ముక్క రాబట్టలేకపోయాను. మరి ఒట్టు తప్పారు కదా అని అడిగితే, షాపుని ఒకసారి కిందనుంచి పైదాకా చూసి, "బాగానే ఉందిగా" అన్నారు.

పెళ్ళి నిశ్చయమైంది. మరుసటి నెల ఆదివారానికి హెడ్మిస్ట్రెస్‌గారు కూడా వచ్చారు. తెరమీద ఒక్క మిరపకాయ ఉన్నదాన్ని వెతికి నొక్కారు. గిన్నెలొచ్చాయి. ఈసారి గుడ్డు వెయ్యడం మర్చిపోయింది మా తోడల్లుడుగారి దాంట్లో. ఆయన ఏమీ అనకుండా పుల్లలు విడదీసుకుంటున్నారు. నేను చూశాను. మనసు కరిగింది. జీవితంలో మొదటిసారి ఆ మాట నా నోట వచ్చింది.

"అన్నయ్యా, మీదే బాగున్నట్టుంది."

ఆయన ఉలిక్కిపడ్డారు. మోచెయ్యి చుట్టూ అడ్డంపెట్టి, గబుక్కున ఒక గుక్క తాగి, "ఎంగిలోయ్" అన్నారు.

ఎదురుగా ఉన్న హెడ్మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "కాబోయే చుట్టరికంలో ఎంగిలేమిటండీ" అని, ఆ మోచేతి కిందనుంచే గిన్నె లాగేసి, గుడ్డున్న తన గిన్నె అక్కడ పెట్టారు. నిటారుగా కూర్చుని నాలుగు ముద్దలు తిన్నారు. తర్వాత ఆయన ముందున్న గిన్నెవైపు దిగులుగా చూశారు.

"అబ్బే, నాదే నయం" అన్నారు.

ఒకళ్ళతోనే వేగలేకపోతున్నాను. ఇప్పుడు మా బల్ల దగ్గర ఇద్దరయ్యారు.