మా పెళ్లికార్డుల కంప్యూటర్

ఈ పొద్దున మా ముసలి కంప్యూటర్ మళ్లీ బిగుసుకుపోయింది. బాణం గుర్తు తెర మధ్యలో అతికించినట్టు ఆగిపోయింది, ఏ మీట నొక్కినా కదల్లేదు, దాని ముందు మా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని అంతకంటే కదలకుండా కూర్చున్నారు. దుండిగల్ దగ్గర కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే మా మరిది కొడుకు వచ్చి, డబ్బా విప్పి, దుమ్ము దులిపి, "ఇగ దీంట్ల ఏం లేదు పెద్దమ్మా, పాత సామానోనికి ఇచ్చెయ్యి" అని చెప్పి పోయాడు. వాడన్నది నిజమే, నాకూ తెలుసు. కాని ఇది పోతే ఆయనకు కూర్చునే చోటు పోతుంది, నా భయమంతా అదే.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇళ్లకు కంప్యూటర్లు రాని రోజుల్లో పెళ్లికార్డు కావాలంటే మా వంటి దుకాణానికి నడిచి రావాల్సిందే. మేడ్చల్ రోడ్డు మీద, బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఉండేది మాది. శామీర్‌పేట వైపు ద్రాక్షతోటల వాళ్లంతా మా దగ్గరికే వచ్చేవారు. మాఘమాసం వచ్చిందంటే అన్నం తినే తీరిక ఉండేది కాదు, సరిగ్గా అప్పుడే ఈ కంప్యూటర్ మొండికేసేది. విసుక్కునేదాన్ని నేనే, ఆయన కాదు. పక్క రేకు విప్పి, లోపలి చిన్న పట్టీ తీసి, పెన్సిలు చెరిపే రబ్బరుతో దాని బంగారు రంగు పళ్లు రుద్ది మళ్లీ బిగించేవారు; ఎండాకాలమైతే ఆ రేకు అసలు మూసేవారే కాదు, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దాని కడుపులోకి తిప్పి పెట్టేవారు, మేమిద్దరం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. ఒక దసరాకు నేను భక్తి ఎక్కువై గాలి పోయే సందుల మీదే పసుపు మెత్తి బొట్లు పెట్టాను. అది ఎండి, రాలి, లోపలి ఫ్యానుకు పట్టి, మర్నాడు ఆన్ చేస్తే దుకాణమంతా పసుపు పొడి. ఆయన కోప్పడలేదు సరికదా, "మంచిగైంది, దీనికి గూడ లగ్గమైంది" అని నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది.

తరవాత కార్డులు ఫోన్లలోకి పోయాయి, దుకాణం మూసి దీన్ని ఇంటికి తెచ్చుకున్నాం. ఆ వెనకే ఆయనకు మతిమరుపు మొదలైంది. మొదట తాళాలు, తరవాత వీధి, తరవాత మనుషులు. ఎక్కడ కూర్చోబెట్టినా ఇంటికి పోదామని లేచేవారు, దీని ముందు మాత్రం కుదురుగా ఉండేవారు. పాత అక్షరాల మీద వేళ్లు వాటంతట అవే నడిచేవి.

మొన్నొక మధ్యాహ్నం నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, పెండ్లి ఎవరిదమ్మా అని అడిగారు. పెళ్లికూతురి పేరని నా పేరే చెప్పాను. ముందు చి.ల.సౌ. అని కొట్టి, దాని పక్కన నా పేరు కొట్టారు. "పిల్లగాని పేరు జెప్పుండ్రి" అన్నారు.

మా కాలంలో మొగుడి పేరు నోటితో అనేవాళ్లం కాదు కదా. ఆసుపత్రిలో చీటీ రాసేవాళ్లు అడిగినా పక్కనున్న వాళ్లనెవరినో చెప్పమనేదాన్ని, దుకాణంలో ఎవరైనా అడిగితే బయట బోర్డు చూపించేదాన్ని. ఆ రోజు చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి, ఆయన ముఖంలోకి చూస్తూ, ఇంటిపేరుతో సహా. తన పేరు నా నోట వింటే ఉలిక్కిపడైనా తలెత్తుతారని ఆశ పడ్డాను. ఎత్తలేదు. చి. అని పెట్టి, ఒక్క ఒత్తు తప్పు పోకుండా ఆ పేరు కొట్టి, ముహూర్తం ఎప్పుడని అడిగారు. నేను చెప్పేలోపే తెర బిగుసుకుపోయింది, మా ఇద్దరి పేర్లూ దాని మీద అలాగే ఉండిపోయాయి. "జర కూసోండి, ఇగ వస్తది" అన్నారు. కూర్చున్నాను.

యాప్రాల్‌లో ఉండే మా కూతురు అల్లుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. వంటింట్లోంచి పిలిస్తే అతను ఏ గదిలో ఉన్నా "ఆఁ" అంటూ వస్తాడు. మొదట్లో నాకు చెవులకు కష్టంగా ఉండేది, ఒకటి రెండుసార్లు మందలించాను కూడా. ఇప్పుడు వాళ్లింటికి వెళ్తే ఆ పిలుపు ఎప్పుడు వినిపిస్తుందా అని కూర్చుంటాను. నేనూ ఇప్పుడు పేరు పెట్టే పిలుస్తున్నాను ఆయన్ని, రోజూ, పక్కనే కూర్చుని. పలికే రోజుల్లో మాత్రం ఒక్కసారీ పిలవలేదు.