గౌరి నిలువున కోసిన సొర

గౌరి బుట్ట దించిందంటే ముందు బాలింతలున్న ఇళ్ళవాళ్ళే వస్తారు. నౌపడ ఉప్పుమళ్ళ అవతలి పేట నుంచి టెక్కలి వీధుల దాకా ఆమె అమ్మేది ఎక్కువగా పిల్లసొర చేప. సొర తింటే బాలింతకు పాలు పడతాయని ఇక్కడి నమ్మకం. "ముల్లు లేదమ్మా, కళ్ళు మూసుకుని తినొచ్చు" అని ఏళ్ళ తరబడి అరిచింది. ఆ మాటే పదో తరగతి సైన్సు పరీక్షలోనూ రాసింది. తప్పింది.

పేటలో బడి ఐదుతో ఆగిపోతుంది. గౌరి చదువూ అక్కడే ఆగింది. అంగన్వాడీ గదికి టీచరు లేక తాళం పడింది. పదో తరగతి పాసైన ఊరి కోడలే టీచరు కావాలని నిబంధన. అర్హులు లేరని ఆఫీసు రాసుకుంటుంది. అర్హులు కాకుండా ఆపిన బడి సంగతి మాత్రం రాయదు. పిల్లలు ఎండుచేపల మధ్య, ఇసుకలో పెరుగుతున్నారు. అందుకే గౌరి ఓపెన్ స్కూల్‌లో పదికి కట్టింది. ఆ గది తెరిపించాలి, అంతే.

డిగ్రీ చదువుతున్న పేటపిల్ల హేమ సాయంత్రాలు వచ్చి పాఠం చెబుతుంది. పరీక్షలో ఏం రాశావని అడిగింది.

"సొరకి ముల్లు లేదు గదా, ఎన్నెముక లేదని రాసినాను. కటిల్ చేపకి ఈపులో తెల్లటి గట్టి పెంకున్నాది, ఉందని రాసినాను. తప్పేటి?"

"రెండూ తిరగేసినావు పిన్నీ."

"ఇన్నేళ్ళు కోసినదాన్ని నాను. నువ్వు బొమ్మలో సూసినావు."

"అయితే నిలువున కోసి సూడు."

గౌరి సొరను ఎప్పుడూ అడ్డంగానే ముక్కలు కొట్టేది. కొనేవాళ్ళకు కావలసింది అదే. ఒక్కో ముక్క నడుమ మెత్తని గుండ్రటి బిళ్ళ వచ్చేది, దాన్ని అందరూ నమిలేసేవారు. ఈసారి తల నుంచి తోక దాకా వీపు వెంబడి చీల్చింది. ఆ బిళ్ళలే, వెన్నుపూసల వరస. గుచ్చిన దండలా, ఎక్కడా తెగకుండా. కటిల్ చేప పెంకు తీసి పక్కన పెట్టింది. అది ఒకటే పలక, ఒక్క పూసా లేదు.

ఆమె భర్త గంగులు వల బాగుచేసుకుంటూ చూశాడు. "బంగారంలాంటి సొరని పాడుసేసినావు. దీన్నిప్పుడు ఎవుడు కొంటాడే?"

"నువ్వు తిను మావా. సదువుకున్న సొర."

పాఠంలో తర్వాతి బొమ్మ సీల్ అనే సముద్రజంతువు. గౌరి పుస్తకం దగ్గరికి లాక్కుంది. "మీసాలు సూడు, అచ్చం మీ సిన్నాన్నే."

"చలి సముద్రాల్లో ఉంటాది. పిల్లకి పాలిస్తాది."

"అయితే దీనికీ ఓ సొర అమ్మొచ్చు. పూసలున్నాయేటి?"

"ఉన్నాయి."

"నువ్వు కోసినావా?"

హేమకు నవ్వాగలేదు. గౌరి మాత్రం లేచి సరుగుడు తోట వైపు నడిచింది. నిరుడు ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ ఎముకలు అక్కడ ఇసుకలో ఉన్నాయి. ఇసుక తోసింది. పిడికిలంత పూసలు. తిరిగొచ్చి పుస్తకం తీసుకుంది. "అదీ పాలిచ్చేదే. పూసలున్నాయి. నీ మీసాలోడికీ ఉంటాయిలే, నమ్ముతాను."

రెండోసారి సైన్సు పాసైంది. టీచరు పనికి దరఖాస్తు ఇచ్చింది. చూస్తామన్నారు. గౌరి చూస్తూ కూర్చోలేదు. చేపలమ్మి వచ్చాక తాళమేసిన గది అరుగు మీద పిల్లలను కూర్చోబెట్టి, డాల్ఫిన్ పూసలు వరస పేర్పించసాగింది.

ఒకనాడు అంగన్వాడీ సూపర్‌వైజరమ్మ జీపు దిగింది. "నిన్నెవరు పాఠాలు చెప్పమన్నారు?"

"పిల్లలు."

"ఉత్తర్వు రానీ. అందాకా ఆగాలి."

"నాను ఆగుతాను. ఎండ ఆగదు గదమ్మా. నీడ లోపలున్నాది, తాళంసెవి నీకాడున్నాది. తియ్యి."

పిల్లలు పూసలు వదిలేసి ఆమె చేతికేసి చూశారు. సూపర్‌వైజరమ్మ కాసేపు జీపు వైపు చూసి, సంచిలో చెయ్యి పెట్టింది.

ఉత్తర్వు ఇంకా రాలేదు. గది మాత్రం ఆనాటి నుంచి తెరిచే ఉంది.