సరోజనక్క చేయించిన షాఫ్టు

సైకిలు చైనుకు గ్రీజు పూసి, చేతులు కడుక్కోకుండానే వచ్చి నా పక్కన కూర్చున్నావు. ఉండు బిడ్డా, లేవకు. నేను చెప్పేది ఆ చేత్తోనే రాయి, కాగితానికి మరకైతే కానీ. ఆ వాసనకు తొర్రూరులో సరోజనక్క దుకాణం కళ్లముందుకొచ్చింది. నీకు ఊహ తెలిసేలోపే ఆమె పోయింది.

కార్ల సామాన్ల దుకాణం ఆమెది. నేను అక్కడ సామాన్లు అందించేదాన్ని. యాభై దాటినా కొంగు బొడ్లో దోపి కారు కిందికి దూరేది. కార్ల పందేలంటే ప్రాణం. తన పాత కారుకు బలమైన ఇంజను ఎక్కించింది. వేగం పెరిగేసరికి కింద షాఫ్టు వణకడం మొదలైంది. షాఫ్టంటే ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడవాటి గొట్టం. కొలతిచ్చి కొత్తది చేయించాలి. ఉక్కుదా, అల్యూమినియందా? అల్యూమినియం తేలిక, కారు వేగం చురుగ్గా అందుకుంటుంది. ఆమె కలవరింతంతా దాని మీదే.

అవి తెలంగాణ కోసం సమ్మె సాగుతున్న రోజులు. బస్సులు లేవు. జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మీ అమ్మ కాన్పుకు పుట్టింటికొచ్చి నిండు నెలలతో మా ఇంట్లో ఉంది, కడుపులో నువ్వు.

“తేలికదే చేయించక్కా. ఈసారన్న గెలువు,” అన్నాను.

“గెలుస్త. మరి నీ బిడ్డకు నొప్పులొస్తె?”

“అంబులెన్సుకు చెప్త.”

“అది రాకపోతె నా కారే గద లచ్చమ్మా. వండుడు అయినంక రోడ్డు మీది పొయ్యిరాళ్లు ఎవరన్న తీస్తున్నరా? మొన్న నేనే ఇడిచిపెట్టొచ్చిన. రాయి తగిలితె అల్యూమినియం సొట్టపోతది. సొట్టపోయింది యాడ తెగుతదో తెల్వది. ఫోన్ చేసి ఉక్కుదే చెప్పు.”

చెప్పాను. ఏడుపు నాకే వచ్చింది.

నొప్పులు మొదలైన పొద్దున అంబులెన్సు వేరే ఊళ్లో ఉంది. అక్క కారులో మానుకోట దవాఖానకు బయల్దేరాం. నెల్లికుదురు దగ్గర నడిరోడ్డు మీద పెద్ద గిన్నెలో ఎసరు మరుగుతోంది. అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది.

“అన్నా, జర గంజు దించుండ్రి. పిల్ల పరేషానైతాంది.”

ఇద్దరు తువ్వాళ్లు పట్టి గంజు లేపారు. “పుట్టేటోనికి తెలంగాణ అని పేరు పెట్టక్కా,” అన్నాడు ఒకడు.

“ఆడపిల్లయితె?”

“అయితేంది, గదే పెట్టు.”

అది దాటగానే ఇంకెవరో వదిలేసిన పొయ్యిరాయి కారు కింద ఠంగున తగిలింది. నొప్పులు పడుతున్న మీ అమ్మ కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. అక్క వేగం తగ్గించలేదు.

నువ్వు పుట్టావని చెబుదామని బయటికొస్తే అక్క కారు కింద పడుకొని ఉంది.

“ఇద్దరు మంచిగున్నరా?” అక్కడినుంచే అడిగింది.

“మంచిగున్నరక్కా. ఆడపిల్ల.”

అక్క నా చెయ్యి పట్టి కిందికి లాగి షాఫ్టు మీద పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. వేలికి సొట్ట తగిలింది.

“ఉక్కుకే గింత పడ్డది,” అంది.

ఆ తర్వాత పందెంలో అక్క వెనకబడింది. ఎంత వెనకో నేనెప్పుడూ అడగలేదు. ఎవరి కోసమైనా ఏదైనా ఎంచాల్సి వచ్చినప్పుడు ఇవాళ్టికీ నా చూపుడువేలి కొనకు ఆ సొట్ట తగులుతుంది.